నగిషీని ‘అనవసరం’ అని రాసే ముందు

గౌరవనీయులైన ఆర్కిటెక్టులకు, వాస్తుశిల్పం బోధించే ఆచార్యులకు, పాత ప్రజా భవనాల మరమ్మతులు చూసే ఇంజినీర్లకు, అధికారులకు,

నమస్కారం. మీకు తీరిక తక్కువని తెలుసు. ముప్పై ఏళ్లకు పైగా నేనూ డ్రాయింగ్ బల్ల ముందే గడిపాను. పాత కట్టడాల కొలతలు తీయడం, వాటి నగిషీని ఆకు ఆకుగా కాగితం మీద గీయడం నా వృత్తి. అందుకే నేరుగా విషయానికి వస్తాను.

ఒక పాత ప్రజా భవనం మరమ్మతుకు వచ్చింది. దాని పేరు, శాఖ ఇక్కడ రాయను. ఒక్కరిని వేలెత్తి చూపడం నా ఉద్దేశం కాదు. వరండా పైన గోడ పొడవునా సున్నపు గచ్చుతో తీర్చిన లతల పట్టీ ఉండేది. దాని మీద గోడ తలన అడుగున్నర ముందుకు పొడుచుకు వచ్చిన అంచు, అంటే కార్నిసు, ప్రతి కిటికీ కింద సన్నని రాతి అంచు ఉండేవి. అంచనా పత్రంలో వీటన్నిటికీ కలిపి ఒకే పద్దు రాశారు: ‘అనవసర అలంకరణ తొలగింపు’. నెల తిరగకముందే లతల పట్టీని సుత్తులతో రాలగొట్టారు. కార్నిసును గోడ వరసకు నరికేశారు. పైన సిమెంటు పూసి రంగు వేశారు. పని మొదలు కాకముందు ఒక ఉత్తరం రాశాను, సగంలో ఉండగా ఒకటి, అయిపోయాక ఒకటి. ఒక్కదానికీ జవాబు రాలేదు. మొదటి వర్షాకాలానికి గోడ లోపలి వైపు చెమ్మ దిగింది. రెండో వర్షాకాలానికి సిమెంటు పూత పెచ్చులుగా ఊడి, అర్జీలు పట్టుకుని వరసలో నిలబడ్డవారి పక్కన పడింది.

ఈ లేఖ ఆ ఒక్క భవనం కోసం రాస్తున్నది కాదు. ఆ పద్దులోని ‘అనవసర’ అనే మాట గురించి రాస్తున్నాను. ఆ మాట రాసినవారికి నగిషీని చదవడం రాదు. అందుకు వారిని నిందించను, ఎందుకంటే వారికి ఎవరూ నేర్పలేదు. నేర్పవలసినవారు, అడగవలసినవారు, ఆపవలసినవారు మీరే. ముందు వాస్తవాలు మీ ముందుంచి, తర్వాత నా కోరికలు చెబుతాను.

వాస్తవాలు

1. నగిషీలో చాలా భాగం నీటి లెక్క.

కార్నిసు ముందుకు పొడుచుకు రావడం అందం కోసం మాత్రమే కాదు. బాగా కట్టిన కార్నిసు అడుగున వేలెడు వెడల్పున ఒక గాడి ఉంటుంది. అంచు మీదుగా జారిన నీటిబొట్టు ఆ గాడిని దాటలేక అక్కడే తెగి కింద పడుతుంది. గోడను తాకదు. కిటికీ కింది అంచుకు ఉండేదీ ఆ గాడే. మధ్యయుగపు ఐరోపా చర్చిల మీద నోరు తెరుచుకుని కిందికి వంగి చూసే రాతి జంతువులను గార్గాయిల్ అంటారు. ఫ్రెంచిలో గొంతు అనే అర్థమిచ్చే మాట నుంచి ఆ పేరు వచ్చింది. పైకప్పు మీది వాననీరు ఆ గొంతులో నుంచి గోడకు దూరంగా దూకుతుంది. గ్రీకు దేవాలయాల చూరు అంచున ఉన్న సింహపు తలలు చేసిన పని కూడా ఇదే. దక్షిణాది ఆలయాల్లో గోడ పైన పావురం మెడలా వంపు తిరిగి దిగే కపోతం రాతితో చెక్కిన చూరు. దాని వంపులోనే నీటి దారి ఉంది.

ఆ భవనంలో నరికేసింది ఈ గాడినే. అలంకరణ తీసేశామని అనుకున్నవారు తీసేసింది గోడ గొడుగును. చెమ్మ దిగిన గోడకు ఆనుకుని రోజంతా కూర్చునేది ఆ నిర్ణయం తీసుకున్నవారు కాదు, గుమస్తాలు, ముసలివాళ్లు, చంటిపిల్లల తల్లులు.

2. నగిషీ అతుకుల చరిత్ర కూడా.

రెండు పదార్థాలు కలిసే చోట సందు వస్తుంది. ఎండకు అవి వేర్వేరుగా సాగుతాయి, చలికి వేర్వేరుగా ముడుచుకుంటాయి. ఆ సందును కప్పడానికి వేసిన పట్టీయే తరతరాల చేతుల్లో పూసల వరస అయింది, తామర రేకుల వరస అయింది. గోడ పాదం దగ్గరి అంచు, కప్పు కలిసే చోటి అంచు, తలుపు చట్రం చుట్టూ ఉన్న అంచు, వీటన్నిటి పుట్టుక చాలావరకు ఇదే.

బిహార్‌లోని బరాబర్ కొండల్లో క్రీ.పూ. 3వ శతాబ్దపు లోమశ ఋషి గుహ ఉంది. గుహను తొలిచింది గట్టి రాతి బండలో. కానీ ద్వారం చుట్టూ చెక్కింది చెక్క ఇంటి ముఖం: వాసాల కొసలు, వంపు తిరిగిన చూరు, ఆ వంపులో నడిచే ఏనుగుల వరస. సాంచీ స్తూపం చుట్టూ ఉన్న రాతి కంచెను దగ్గరగా చూస్తే అది వడ్రంగి పని అని తెలుస్తుంది. నిలువు కంబాలకు బెజ్జాలు, అడ్డరాళ్లకు కుసులు. రాతికి ఆ అమరిక అవసరం లేదు. అయినా కట్టినవారి చేతులకు ఆ లెక్కే తెలుసు. అక్కడే దక్షిణ తోరణం మీద ఒక చిన్న శాసనం, ఆ చెక్కడపు పని విదిశకు చెందిన దంతకారులు చేశారని చెబుతోంది. ఏనుగు దంతం మీద సూక్ష్మంగా చెక్కే చెయ్యి రాతి మీదికి వచ్చిందన్నమాట.

గ్రీకు డోరిక్ శైలిలో పట్టీ మీద కనిపించే నిలువు గాళ్ల పలకలు ఒకప్పటి చెక్క దూలాల కొసలని క్రీ.పూ. 1వ శతాబ్దపు రోమన్ నిర్మాణకారుడు విట్రూవియస్ రాశాడు. దీని మీద పండితులు ఇంకా వాదించుకుంటున్నారు. బరాబర్ విషయంలో వాదన అక్కర్లేదు, కంటికే కనిపిస్తుంది. ఆ కాలపు చెక్క ఇళ్లు చెదలకు, నిప్పుకు, వానకు పోయాయి. అవి ఎలా ఉండేవో మనకు చాలావరకు తెలియజేసింది ఈ రాతి నగిషీయే. దాన్ని రాలగొట్టడమంటే సామాన్యులు ఉన్న ఇళ్లకు మిగిలిన సాక్ష్యాన్ని రాలగొట్టడం.

3. ఒక లత ఎంత దూరం నడిచిందో చూడండి.

ఆకుల గుత్తిలా చెక్కిన స్తంభం తలను కొరింథియన్ స్తంభశీర్షం అంటారు. దాని గురించి విట్రూవియస్ ఒక కథ చెబుతాడు. గ్రీకు నగరం కొరింత్‌లో ఒక పిల్ల చనిపోయింది. ఆ పిల్ల ఇష్టపడిన వస్తువులను దాది ఒక బుట్టలో పెట్టి, సమాధి మీద ఉంచి, పైన పెంకు కప్పింది. బుట్ట అడుగున అకాంథస్ అనే మొక్క వేరు ఉంది. వసంతం వచ్చేసరికి దాని ఆకులు బుట్ట చుట్టూ ఎగబాకి, పెంకు అంచు తగిలి బయటికి వంకీలు తిరిగాయి. అటుగా వెళ్తున్న కల్లిమాకస్ అనే శిల్పి దాన్ని చూసి స్తంభం తల చెక్కాడు.

ఎంతో అందమైన కథ. నేను విద్యార్థులకు చాలాసార్లు చెప్పాను. కానీ 1893లో వియన్నాలో వస్త్రాల సంగ్రహానికి బాధ్యుడిగా పనిచేసిన అలాయిస్ రీగల్ దీన్ని ఒప్పుకోలేదు. మొక్కను చూసి చెక్కినది కాదు, పాత నగిషీ నుంచే కొత్త నగిషీ పుట్టిందన్నాడు. నైలు నది తామర ఈజిప్టు గోడల మీద నగిషీ అయింది. అది విసనకర్రలా విప్పారిన ఆకుగుత్తిగా మారి గ్రీకుల చేతికి చేరింది. అక్కడ తీగ తోడై అలలుగా సాగింది. ఆకులు కొసలు తేలి అకాంథస్ అయ్యాయి. ఆ తీగే ఇస్లామిక్ కట్టడాల మీద అరబెస్క్ అల్లికగా విచ్చుకుంది. ఆయన చూపిన ఈ క్రమంలో కొన్ని మెట్ల మీద తర్వాతివారికి అభ్యంతరాలున్నాయి. అయినా ఒక లతకు చరిత్ర ఉంటుందని, దాన్ని వరసగా రాయవచ్చని ఆయన చూపించిన దారి చెరిగిపోలేదు.

ఆ దారి మన దేశం మీదుగానూ వెళ్లింది. బిహార్‌లోని రాంపుర్వాలో దొరికిన అశోకుని కాలపు వృషభ స్తంభశీర్షం పలక చుట్టూ ఆ విసనకర్ర ఆకుగుత్తి ఉంది. గాంధారలో కొరింథియన్ శీర్షాల ఆకుల మధ్య బుద్ధుడు కూర్చున్నాడు. ఢిల్లీలో కుతుబ్ ప్రాంగణపు మసీదు ముందు నిలిచిన తెర గోడ మీద ఖురాను అక్షరాల చుట్టూ అల్లుకున్న తీగల్లో ఆలయాలు చెక్కిన చేతుల వాటం కనిపిస్తుంది. మతాలు, రాజ్యాలు మారాయి. ఉలి పట్టినవాడు మాత్రం తాత దగ్గర నేర్చుకున్న మలుపే తిప్పాడు. ఎవరి గోడ మీది లత ఎవరిదని తగవు పెట్టుకునే రోజుల్లో ఈ సంగతి పిల్లలకు తెలియడం ఎంత అవసరమో మీకు నేను చెప్పాలా?

4. అల్లికలో గణితం ఉంది.

2007లో పీటర్ లూ, పాల్ స్టైన్‌హార్ట్ అనే భౌతిక శాస్త్రవేత్తలు మధ్యయుగపు ఇస్లామిక్ జ్యామితీయ అల్లికల మీద ఒక పరిశోధన ప్రచురించారు. ఆ క్లిష్టమైన నక్షత్రపు అల్లికలను గీతల మీద గీతలు గీస్తూ కాక, ఐదు ఆకారాల పలకలను పేర్చి గీసి ఉంటారని చూపించారు. దశభుజి, పంచభుజి, షడ్భుజి, సమచతుర్భుజి, మధ్యలో నొక్కుకుపోయిన మరో ఆకారం. ఇస్తాంబుల్‌లోని తోప్‌కాపి రాజప్రాసాదంలో 114 నమూనాలున్న పొడవాటి కాగితపు చుట్ట ఒకటి భద్రంగా ఉంది. మేస్త్రీలు ఆ లెక్కను ఎలా దాచుకున్నారో అందులో ఆనవాళ్లు దొరికాయి. ఇరాన్‌లోని ఇస్ఫహాన్‌లో 1453 నాటి దర్బ్-ఇ-ఇమామ్ మందిరపు గోడ మీది అల్లిక, గణిత శాస్త్రవేత్త రోజర్ పెన్‌రోజ్ 1970ల్లో కనుగొన్న, ఎప్పటికీ అదే వరసలో తిరిగి రాని అమరికకు దాదాపు చేరువగా ఉంది. ఐదు శతాబ్దాల ముందు! ఆ గోడ పేర్చినవారు సిద్ధాంతం రాయలేదు. పలకలు పేర్చారు. ఆ అల్లికను ఎవరైనా పెచ్చులూడిందని సిమెంటుతో కప్పి ఉంటే ఈ ప్రశ్న అడిగేవారే ఉండేవారు కాదు.

5. కూలి గురించిన అభ్యంతరం గట్టిదే. దానికి జవాబు చెప్పాలి.

ఆర్కిటెక్టు అడాల్ఫ్ లోస్ 1910లో వియన్నాలో నగిషీకి వ్యతిరేకంగా ప్రసంగించాడు. తర్వాత వందేళ్లు ఆర్కిటెక్టుల చెవుల్లో ఆ ప్రసంగమే మోగింది. పచ్చబొట్లు పొడిపించుకునే జాతులను కించపరుస్తూ ఆయన చేసిన వాదన సిగ్గుపడవలసినది, దాన్ని నేను పక్కన పెడుతున్నాను. కానీ ఆయన మరో మాట కూడా అన్నాడు: నగిషీ చెక్కేవాడికి శ్రమకు తగిన కూలి రావడం లేదు, ఎక్కువ గంటలు పనిచేసి తక్కువ సంపాదిస్తున్నాడు, కనుక నగిషీ మనిషి శ్రమను వృథా చేస్తోందని. ఇది మనసున్నవాడి మాట. దీన్ని కొట్టిపారేయను.

అయితే నగిషీ మాన్పించడం వల్ల చెక్కేవాడికి కూలి పెరిగిందా? పెరగలేదు. అతని పనే పోయింది. తక్కువ కూలికి విరుగుడు తగిన కూలి ఇవ్వడం. అది అసాధ్యం కాదని ఏథెన్స్ రాతి లెక్కలే చెబుతున్నాయి. ఎరెక్థియాన్ ఆలయ నిర్మాణానికి క్రీ.పూ. 5వ శతాబ్దం చివర పెట్టిన ఖర్చును రాతి పలకల మీద చెక్కి బహిరంగంగా నిలబెట్టారు. స్తంభాలకు నిలువు గాళ్లు తీర్చినవారి పేర్లున్నాయి. లోపలి అంచుకు రంగు వేసినవాడికి అడుగుకు 5 ఓబోళ్లని (ఓబోలు అంటే నాటి చిన్న నాణెం) రాసి ఉంది. పౌరులు, పరదేశులు, బానిసలు ఒకే జాబితాలో, ఒకే పనికి ఒకే రేటుతో కనిపిస్తారు. నిర్మాణాన్ని చూసిన ఆర్కిటెక్టుకు రోజుకు ఒక డ్రాక్మా, అంటే ఆరు ఓబోళ్లు. రాతిపనివారికీ సాధారణంగా అంతే. బానిసత్వం ఉన్న ఆ సమాజాన్ని మెచ్చుకోవడం నా ఉద్దేశం కాదు. చెక్కినవాడి పేరు, కూలి జనం ముందు రాసి పెట్టడానికి ఆనాడు చోటు దొరికిందని మాత్రమే చెబుతున్నాను.

ఇక నునుపైన గోడ నగిషీ లేని గోడ అనుకోవడం కూడా పొరపాటు. లోస్ స్వయంగా వియన్నాలో రాజప్రాసాదం ఎదురుగా కట్టిన భవనం కింది అంతస్తులకు తొడిగింది ఆకుపచ్చ అలలు తేలిన చిపొలీనో పాలరాయి. చెక్కలేదు నిజమే. కానీ రాతిలోని అలలనే ఏరి, కోయించి, వరసగా అమర్చాడు. న్యూయార్క్‌లో 1958లో పూర్తయిన సీగ్రామ్ భవనం ముఖం మీద ఆర్కిటెక్టు మీస్ వాన్ డెర్ రో నిలువునా కంచు దూలాలు వేయించాడు. అవి భవన భారాన్ని మోయవు. మోసే ఉక్కు లోపల కాంక్రీటులో దాగి ఉంది. భవనం ఎలా నిలబడిందో బయటికి చెప్పడానికి వేసినవి అవి. డోరిక్ పలకలు చేసిందీ, లోమశ ఋషి ద్వారం చేసిందీ ఇదే కదా! నగిషీని వదిలేశామని చెప్పుకున్న కాలం కూడా దాన్ని వదులుకోలేకపోయింది. ఖరీదైన పదార్థంతో చేస్తే నిరాడంబరమనీ, గచ్చుతో మనిషి చేత్తో చేస్తే అనవసరమనీ లెక్క కట్టింది.

6. మంచి ఉద్దేశంతో చేసిన మరమ్మతే ఎక్కువ చెరుపు చేసిన సందర్భాలున్నాయి.

ప్రాచీన గ్రీకులు ఏథెన్స్‌లోని పార్థెనాన్ ఆలయపు పాలరాళ్లను ఇనుప కొక్కేలతో బిగించి, వాటి చుట్టూ సీసం పోశారు. 19వ శతాబ్దం చివర మొదలైన పునరుద్ధరణలో ఇంజినీరు నికొలాస్ బలనోస్ కొత్త ఇనుప కొక్కేలు వేయించాడు, సీసం రక్షణ లేకుండా. ఇనుము తుప్పు పట్టి ఉబ్బి, రెండువేల ఏళ్లకు పైగా నిలిచిన రాళ్లను చీల్చింది. 1975లో ఏర్పడిన సంఘం ఆధ్వర్యంలో వాటిని తీసి టైటానియం పెడుతున్నారు. 1930ల చివర లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న పార్థెనాన్ శిల్పాలను మరింత తెల్లగా చేయాలని రాగి పనిముట్లతో గీకారు. గీకిన పొర తిరిగి రాలేదు.

సున్నం మీద సిమెంటు సంగతి మీకు తెలిసే ఉంటుంది, తెలిసీ రాస్తున్నారు కనుక మళ్లీ చెబుతున్నాను. సున్నపు గార మెత్తన, దానిలో గాలి ఆడుతుంది. గోడలోని తేమ దాని గుండా ఆవిరైపోతుంది. సిమెంటు బిగుసుకుపోయి తేమను లోపలే ఆపుతుంది. నీటిలో కరిగిన లవణాలు రాతి లోపల, ఇటుక లోపల స్ఫటికాలుగా పేరుకుని పొరలు పొరలుగా రాల్చేస్తాయి. పూత గట్టిగానే ఉంటుంది, వెనక ఉన్న గోడ పిండి అయిపోతుంది. జనం పక్కన పడిన ఆ పెచ్చు వెనక ఉన్న ఇటుకను నేను వేలితో గీకి చూశాను. రాలింది.

కోరికలు చెప్పే ముందు ఒక మనిషిని తలచుకోవాలి. షికాగోలో ఆర్కిటెక్టులు లూయీ సలివన్, డాంక్‌మార్ ఆడ్లర్ కలిసి 1894లో పూర్తి చేసిన స్టాక్ ఎక్స్‌ఛేంజ్ భవనాన్ని 1972లో కూల్చేశారు. కొన్నేళ్లు నగిషీ జోలికి పోకుండా ఉంటే మనకు మేలని 1892లో రాసినవాడు ఈ సలివనే. ముందు కట్టడం ఒంటి తీరు చక్కగా కుదరాలి, తర్వాతే నగిషీ అని ఆయన భావం. ఆ నియమం తెలిసినవాడు కనుకనే కాల్చిన మట్టి పలకల మీద ఆయన ఆకులు గోడలోంచే మొలిచినట్టుంటాయి. రిచర్డ్ నికెల్ అనే ఫొటోగ్రాఫర్ సలివన్ కట్టడాలు కూలుతుంటే ఒంటరిగా వెళ్లి ఫొటోలు తీశాడు, కొలతలు తీశాడు, ఊడిన ముక్కలను మోసుకొచ్చి దాచాడు. కూల్చొద్దని వీధిలో నిలబడి అడిగాడు. ఎవరూ వినలేదు. 1972 ఏప్రిల్‌లో ఆ స్టాక్ ఎక్స్‌ఛేంజ్ శిథిలాల్లో నగిషీ ముక్కలు ఏరుతుండగా కట్టడం కూలి ఆయన చనిపోయాడు. కొన్ని వారాల తర్వాత గానీ శరీరం దొరకలేదు. ఆ భవనపు వ్యాపార మందిరాన్ని దాచిన ముక్కలతో తర్వాత షికాగో కళా సంగ్రహాలయంలో తిరిగి నిలబెట్టారు. ద్వారపు తోరణం దాని బయట ఉంది. ఈ రోజు అక్కడ చూడటానికి ఏమైనా మిగిలిందంటే, ఇలాంటి ఒక మనిషి అడ్డం పడ్డాడు కనుక. అధికారికంగా జరగవలసిన పనిని ఏ ఒక్కరూ ప్రాణాలొడ్డి చేయవలసిన స్థితి రాకూడదు.

కోరికలు

1. అంచనా పత్రాల్లో ‘అనవసర అలంకరణ తొలగింపు’ అనే పద్దును రద్దు చేయండి. తీయక తప్పని ప్రతి ముక్కకూ కారణం విడిగా రాయండి: అది ఏ నీటిని మళ్లిస్తోంది, ఏ అతుకును కప్పుతోంది, తీస్తే ఆ పని ఇక ఏది చేస్తుంది. ఈ మూడు గడులు నింపలేనివారు తొలగింపు మీద సంతకం పెట్టకూడదు.

2. ఉలి తాకక ముందే పూర్తి పరిమాణపు గీతలు, అంచుల కోత రూపాలు, ఫొటోలు, వీలైతే అచ్చులు తీయించండి. వాటిని బీరువాలో పెట్టి తాళం వేయకండి, జనం చూసే చోట ఉంచండి. పాత కట్టడాల పరిరక్షణపై 1964లో కుదిరిన వెనిస్ ఒడంబడిక చివరి నిబంధన, అంటే 16వది, అడుగుతున్నది ఇదే.

3. సున్నంతో కట్టినదాన్ని సున్నంతోనే బాగు చేయండి. పాత గారను పరీక్షించి, అందులో ఏ ఇసుక, ఎంత సున్నం ఉందో తెలుసుకున్నాకే కొత్తది కలపండి.

4. లేనిదాన్ని ఊహించి చెక్కకండి. ఊహ మొదలైన చోట పునరుద్ధరణ ఆగాలని అదే ఒడంబడిక 9వ నిబంధన చెబుతోంది. సగం పోయిన లతకు మిగతా సగం అద్దంలోలా పోసి అతికించడం కంటే, పోయిన చోటును సాదాగా వదలడం నిజాయతీ. కొత్తగా పెట్టినది దగ్గరికి వెళ్లి చూస్తే కొత్తదని తెలియాలి.

5. ఆచార్యులకు ప్రత్యేకంగా: నగిషీని చరిత్ర పాఠంలో పది చిత్రాలుగా చూపించి దాటేయడం ఆపండి. ప్రతి విద్యార్థీ ఒక అర్ధ సంవత్సరం పాటు ఒకే ఒక్క ముక్కను కొలిచి, చేత్తో పూర్తి పరిమాణంలో గీసి, మట్టిలోనో గచ్చులోనో మళ్లీ చేయాలి. ఇంగ్లిష్ ఆర్కిటెక్టు ఓవెన్ జోన్స్ 1834లో జూల్ గూరీతో కలిసి స్పెయిన్‌లోని గ్రనాడాకు వెళ్లి అల్హాంబ్రా రాజకోటను అలాగే చదివాడు. గూరీ అక్కడే కలరాతో చనిపోయాడు. ఆ కొలతలు, ఆ రంగులు జోన్స్ చేతిలో 1856 నాటికి వంద చిత్రపటాల ‘గ్రామర్ ఆఫ్ ఆర్నమెంట్’ అనే మహాగ్రంథానికి పునాది అయ్యాయి. కట్టడాన్ని అలంకరించాలి కానీ అలంకరణ కోసం కట్టకూడదన్నది అందులోని సూత్రాల్లో ఒకటి. చేత్తో గీసినవారికి ఆ సూత్రం అర్థమైనట్టు, తెర మీద చూసినవారికి అర్థం కాదని నా అనుభవం. ఈ పాఠం చెప్పడానికి శిల్పులను, గచ్చు పనివారిని అధ్యాపకులుగా, అధ్యాపకుల జీతంతో తీసుకోండి. గంటసేపు ప్రదర్శన ఇచ్చి వెళ్లే అతిథులుగా కాదు. ఆధునికతకు గుడి లాంటిదని మీరు చెప్పే జర్మన్ కళా పాఠశాల బౌహౌస్ కూడా 1919లో అందరూ చేతిపనికి తిరిగి రావాలనే పిలుపుతోనే మొదలైంది.

6. టెండర్లలో నగిషీ పనిని సివిల్ పనిలో కలపకండి. కలిపితే ముఖ్య గుత్తేదారు తక్కువ రేటుకు, పని రానివారి చేత చేయిస్తాడు. చెక్కేవారికి రోజుల లెక్కన కూలి, పనికి సరిపడా గడువు ఇవ్వండి. ఒక్కో భవనానికి మనుషులను వెతుక్కోవడం కాక, ఎప్పుడూ నడిచే పనిశాల ఒకటి ఉండాలి. స్ట్రాస్‌బర్గ్ చర్చి పనిశాల మధ్యయుగం నుంచి ఆగకుండా నడుస్తోంది. ఐరోపా చర్చి పనిశాలల పద్ధతిని 2020లో యునెస్కో ఆదర్శంగా గుర్తించింది. జపాన్‌లో ఇసే ఆలయాన్ని ఇరవై ఏళ్లకోసారి కొత్తగా కడతారు, 2013లో జరిగింది 62వ సారి. ఒక తరం చేస్తుండగా తర్వాతి తరం చూసి నేర్చుకునే అవకాశం అక్కడ దొరుకుతుంది. మన దగ్గర ఒక శిల్పి కొడుకు వేరే పనికి వెళ్లిపోతే ఆ పనికి వారసులు ఎవరో అడిగే కార్యాలయమే లేదు.

7. చేసినవారి పేర్లు కట్టడం మీదే రాయించండి. సోమనాథపురం కేశవాలయం మీద మల్లితమ్మ పేరు, బేలూరులో దాసోజు పేరు ఏడు వందల ఏళ్లకు పైబడినా చదవగలుగుతున్నాం. ప్రారంభించినవారి పేరుకు పాలరాతి పలక దొరుకుతుంది. చెక్కినవారి పేరుకు గోడ మూలన ఒక జానెడు చోటు దొరకదా?

8. కొత్త భవనాలు గీసే ఆర్కిటెక్టులకు: నగిషీ ఎక్కువ చేయమని నేను అడగడం లేదు. దయచేసి అలా అర్థం చేసుకోకండి. ఫైబరుతో పోసిన కొరింథియన్ తలలను కాంక్రీటు స్తంభాలకు జిగురుతో అతికించడం, గచ్చు లతను సుత్తితో కొట్టడం రెండూ ఒకే చదువులేనితనం నుంచి పుట్టాయి. నీరు ఎక్కడ పడుతుందో, వెలుగు ఎక్కడి నుంచి వస్తుందో, చెయ్యి ఎక్కడ ఆనుతుందో అక్కడ ఆలోచించండి. 1573 నాటి అహ్మదాబాద్ సీదీ సయ్యద్ మసీదు జాలీలో చెట్టు కొమ్మలు ఎండను ముక్కలు చేసి లోపలికి చల్లుతాయి. అందులో కొమ్మను జాలీ నుంచి, జాలీని కిటికీ నుంచి విడదీసి చూపండి, సాధ్యమైతే.

9. మరమ్మతు మొదలు పెట్టే ముందు ఏమేమి తీస్తున్నారో భవనం ముందు రాసి పెట్టండి. అభ్యంతరాలకు ముప్పై రోజులు ఇవ్వండి. వచ్చిన ప్రతి ఉత్తరానికీ రాతపూర్వకంగా జవాబివ్వండి. కాదని రాసినా సరే.

ఇక ఆ లతల పట్టీ గురించి. మరమ్మతుకు చాలా ఏళ్ల ముందు, ఉద్యోగంలో ఉండగానే, సెలవు రోజుల్లో నిచ్చెన వేసుకుని దాన్ని మొత్తం కొలిచాను. పదకొండు షీట్లు వచ్చాయి. లత ఒక మలుపు నుంచి మరో మలుపుకు ఇరవై రెండు అంగుళాలు. ఎడమ నుంచి వస్తుంటే ఆకుల కొసలు గుండ్రంగా ఉంటాయి, కుడి నుంచి వస్తుంటే కోసుగా ఉంటాయి. ఇద్దరు పనివాళ్లు రెండు చివరల నుంచి మొదలుపెట్టి మధ్యలో కలుసుకున్నారు. మూడో కమాను మీద వాళ్లు కలిసిన చోట లెక్క కొంచెం తప్పింది. అక్కడ మలుపు పదిహేడు అంగుళాలే ఉంది. ఆ ఇరుకులో వాళ్లు ఆకును చిన్నది చేయలేదు, ఒక మొగ్గను పెట్టారు. మొత్తం పట్టీలో మొగ్గ అదొక్కటే.

ఆ షీట్లు నా దగ్గర భద్రంగా ఉన్నాయి. కాపీలు కావాలని ఏ కార్యాలయం, ఏ కళాశాల అడిగినా ఉచితంగా ఇస్తాను. నాలుగో షీటులో ఆ మొగ్గ పూర్తి పరిమాణంలో ఉంది.

ఇట్లు,
జవాబు కోసం ఎదురుచూస్తున్న
ఒక విశ్రాంత డ్రాఫ్ట్స్‌మన్